చెరువులో ఎన్ని చేపలున్నాయో లెక్కగట్టి, పట్టుడుకు హద్దు పెట్టుకోవడం ఎలా

సంక్రాంతి దాటి చెరువు నీళ్లు వెనక్కి జరగడం మొదలైతే మన దిక్కు మత్స్య సంఘాల్లో ఒకటే పంచాయితీ. "ఇంకా మూడు టన్నులుంటయ్, ఆగుదాం" అని ఒకరంటారు. "ఏమున్నయ్, సగం దొంగ వలలకే పోయినయ్, ఇప్పుడే పట్టి అమ్ముదాం" అని ఇంకొకరు. రెండు మాటలకూ ఆధారం ఉండదు. చివరికి కట్ట మీదికి వచ్చిన వ్యాపారి ఒక అంకె చెబుతాడు, ఆ అంకె మీదే బేరం తెగుతుంది. చెరువు మీది, పిల్లలు మీరు వదిలినవి, కాపలా మీరు కాసింది. లెక్క మాత్రం బయటివాడి నోట్లో ఉంటుంది.

ఆ లెక్కను మీరే తీయొచ్చు. అందుకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. కొన్ని చేపలను పట్టి గుర్తు పెట్టి వదలడం, కొన్ని రోజులాగి మళ్లీ వల వేసి అందులో గుర్తు చేపలు ఎన్ని వచ్చాయో చూడడం, అంతే. 1890లలో డెన్మార్క్‌లో పీటర్సన్ అనే శాస్త్రవేత్త సముద్రపు చేపలకు గుర్తులు కట్టి ఈ దారి వేశాడు. ఇప్పటికీ సముద్ర ద్వీపాల దగ్గర ట్యూనాను ఎంత పట్టాలో తేల్చేటప్పుడు ఇదే పద్ధతికి ఎదిగిన రూపాలు వాడతారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెరువులకు ఇది ఇంకా బాగా సరిపోతుంది. సముద్రంలో చేప ఎటైనా పోతుంది, చెరువులో కట్టకూ శిఖానికీ (నీళ్లు తగ్గితే బయటపడే చెరువు అంచు నేలకూ) మధ్యనే తిరుగుతుంది.

కింద చెప్పే పనికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. పది మంది మనుషులు, లాగుడు వల, హాపా (చేపలను నీళ్లలోనే బతికించి ఉంచే వల తొట్టె), తూకం, ఒక నోటుబుక్కు ఉంటే చాలు.

ముందు చెరువును చూసుకోండి

ఈ లెక్క నిలవాలంటే గుర్తు పెట్టిన రోజుకూ మళ్లీ పట్టిన రోజుకూ మధ్య చెరువులోకి కొత్త చేప రాకూడదు, ఉన్నది పోకూడదు. కాబట్టి అలుగు పారుతున్నప్పుడు మొదలుపెట్టొద్దు. తూము తీసి ఉంటే దానికి జాలీ కట్టండి. ఎత్తిపోతల కాలువ నీళ్లు వచ్చే చెరువులైతే ఇంకో జాగ్రత్త కావాలి. నల్లగొండ పక్కనున్న ఉదయసముద్రం లాంటి వాటికీ, కల్వకుర్తి ఎత్తిపోతల కింద నిండే చెరువులకూ కాలువ వదిలినప్పుడల్లా నీటితోపాటు చేప కూడా కదులుతుంది. కాలువ బందైన రోజులు చూసుకుని పని పెట్టుకోండి.

కాలం సంగతికొస్తే జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి మొదటి సగం వరకు మంచిది. నీళ్లు చల్లగా ఉంటాయి, చేతిలో పట్టిన చేప తట్టుకుంటుంది. మార్చి దాటితే ఎండకు నీళ్లు వేడెక్కి, పట్టి వదిలిన చేపల్లో చచ్చేవి పెరుగుతాయి. వాటితోపాటు మీ లెక్కా చెడుతుంది.

నాగార్జునసాగర్, శ్రీశైలం వెనుక నీళ్లు, జూరాల లాంటి పెద్ద జలాశయాల్లో ఒక్క సంఘం ఈ పని మీద వేసుకోకూడదని నా అభిప్రాయం. సోమశిల దగ్గర వదిలిన చేప అవతలి ఒడ్డున ఆంధ్ర వైపు వలలో పడొచ్చు, ఆ సంగతి మీ దాకా రాదు. అలాంటి చోట మత్స్యశాఖ, పెబ్బేరులోని మత్స్య కళాశాల లాంటివి ముందుండి, రెండు ఒడ్లలోనూ కబురు పెడితేనే కుదురుతుంది. మీరు మీ ఊరి చెరువుతో మొదలుపెట్టండి.

సంఘంలో తీర్మానం

వల తీయకముందే సర్వసభ్య సమావేశం పెట్టి నాలుగు సంగతులు రాయించుకోండి: ఏ తేదీల్లో గుర్తులు పెడతారు, మళ్లీ ఎప్పుడు పడతారు, ఈ మధ్యలో ఎవరూ వల వేయరని ఒప్పందం, వచ్చిన లెక్క ఏదైనా దాన్ని బట్టే హద్దు పెట్టుకుంటామన్న మాట. నాలుగోది ముందే ఒప్పుకోకపోతే, అంకె వచ్చాక నచ్చనివాళ్లు "ఆ లెక్క తప్పు" అంటారు. తీర్మానం నకలు మత్స్యశాఖ క్షేత్రాధికారికి ఇవ్వండి. చెరువు శాఖ కింద ఉన్నా పంచాయతీ కింద ఉన్నా, ముందుగా తెలియజేస్తే గుర్తు చేపలను చూసి ఎవరూ కంగారుపడరు.

ఏ గుర్తు పెట్టాలి

మొదటి ఏడు రెక్క కత్తిరింపు చాలు. పొట్ట కింద రెండు రెక్కలుంటాయి. అందులో ఎడమ రెక్కలో సగం చిన్న కత్తెరతో నేరుగా కత్తిరించండి. మొదలంటా తీయొద్దు. చేపకు పెద్ద బాధ ఉండదు, రెక్క కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుంది, మీ పనికి అవసరమైన రెండు వారాలూ మాత్రం గుర్తు స్పష్టంగా కనిపిస్తుంది. ఖర్చు కత్తెర ధరే.

నంబరు ట్యాగులు వేస్తే ఇంకో లాభం ఉంది. ఏ చేప ఎక్కడ వదిలాం, ఎన్నాళ్లకు దొరికింది, ఎంత బరువు పెరిగింది అన్నది ఒక్కో చేపకూ తెలుస్తుంది. బట్టల షాపుల్లో ధర చీటీలు గుచ్చే తుపాకీ లాంటి దానితోనే సన్నని ప్లాస్టిక్ ట్యాగును వీపు రెక్క వెనుక భాగం కింద గుచ్చుతారు. సూది మొన తల వైపు వాలుగా పోవాలి, ట్యాగు తోక వైపు వాలి వేలాడాలి. సూది దిగే చోట ఒక్క పొలుసు తీసి, లోపలికి వెళ్లాక తుపాకీని కొద్దిగా తిప్పి బయటికి లాగండి. తర్వాత ట్యాగును మెల్లగా లాగి చూడండి. ఊడకపోతే పట్టిందన్నట్టు. చేప చేపకూ సూదిని బెటడిన్‌లో ముంచండి. జానెడుకన్నా చిన్న చేపకు ట్యాగు వేయొద్దు.

ట్యాగు వేసిన ప్రతి చేపకూ రెక్క కూడా కత్తిరించండి. ట్యాగులు ఊడతాయి. మళ్లీ పట్టినప్పుడు రెక్క కత్తిరింపు ఉండి ట్యాగు లేని చేప వస్తే అది మీ చేపేనని తెలుస్తుంది. ఎన్ని ట్యాగులు ఊడాయో కూడా అక్కడే లెక్క దొరుకుతుంది.

గుర్తు పెట్టే రోజులు

పొద్దుగాల ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నర, పదికల్లా ముగించండి. గుర్తు పెట్టే చేపలను లాగుడు వలతో పట్టండి. తంగూసు వలలో చిక్కిన చేపకు మొప్పలు కోసుకుపోతాయి, పొలుసులు రాలుతాయి. వదిలాక చాలావరకు బతకదు. వల దగ్గరికి లాగాక చేపలను ఒడ్డుకు ఈడ్వకుండా, నీళ్లలోనే హాపాలోకి మార్చండి.

ఒకరు చేపను అందిస్తారు, ఒకరు పట్టుకుంటారు, ఒకరు గుర్తు పెడతారు, ఒకరు రాస్తారు. చేతులు తడిగా ఉండాలి. పొడి చేతులతో, పొడి బస్తా మీద పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది, ఆ జిగురే చేపకు రోగం రాకుండా కాపాడేది. తడి గుడ్డ కళ్ల మీద కప్పితే చేప కొట్టుకోవడం తగ్గుతుంది. నీటి బయట నిమిషం దాటనీయొద్దు. గుర్తు పెట్టాక లీటరుకు 5 గ్రాముల ఉప్పు కలిపిన తొట్టెలో కాసేపు ఉంచి, నిటారుగా ఈదుతోందని చూసి, అప్పుడు వదలండి.

వదలడం దగ్గర చాలామంది తొందరపడతారు. పట్టిన చోటే అన్నింటినీ కుమ్మరిస్తే, అవి అక్కడక్కడే తిరిగి, మళ్లీ అదే చోట వల వేసినవాడికి గుంపుగా దొరుకుతాయి. లెక్క తప్పుతుంది. తెప్పలో పెట్టుకెళ్లి కట్ట దగ్గర కొన్ని, తూము దగ్గర కొన్ని, అలుగు వైపు కొన్ని, శిఖం అంచున కొన్ని వదలండి.

ఏ చేపకు ఆ చేపదే లెక్క. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, రవ్వ నడుమ, మ్రిగాల అడుగున. ఒకే వల మూడింటినీ సమంగా పట్టదు. మూడూ కలిపి ఒక్క అంకె తీస్తే అది ఏ చేపకూ నిజం కాదు. మొదటిసారి అన్నీ నెత్తికెత్తుకోవడం కష్టం కాబట్టి మీ చెరువులో ఎక్కువ డబ్బు తెచ్చే ఒక్క చేపను, చాలాచోట్ల అది రవ్వే, ఎంచుకోండి.

గుర్తు పెట్టినవాటిలో 30 చేపలను వదలకుండా ఒక హాపాలో 24 గంటలు ఉంచండి. మరునాడు అందులో 3 చచ్చి ఉంటే, వదిలినవాటిలోనూ పదో వంతు పోయాయనుకుని లెక్కలో ఆ మేరకు తగ్గించండి. సగం చచ్చి ఉంటే పని ఆపేయండి. మీ చేతుల్లోనో, నీళ్లలోనో, వలలోనో లోపముంది. అది సరిచేశాకే మళ్లీ మొదలు.

మళ్లీ పట్టడం

చివరి చేపను వదిలాక వారం, పది రోజులు ఆగండి. గుర్తు చేపలు మిగతావాటిలో కలవడానికి ఆ సమయం కావాలి. తర్వాత చెరువు నాలుగు దిక్కులా వలలు వేసి, వచ్చిన ప్రతి రవ్వనూ తిప్పి పొట్ట రెక్క చూడండి. గుర్తు ఉన్నవి ఒక గీత, లేనివి ఒక గీత. ఈసారి కనీసం 40 చేపలను తూకం వేసి సగటు బరువు కూడా రాసుకోండి. ఏరి పెద్దవే తూచొద్దు. హాపాలో చెయ్యి పెట్టి చేతికి వచ్చినవి వచ్చినట్టు తీయండి.

లెక్క ఇలా:

(మొదట గుర్తు పెట్టినవి + 1) × (రెండోసారి పట్టినవి + 1) ÷ (రెండోసారి వచ్చిన గుర్తు చేపలు + 1) − 1

ఉదాహరణకు మీరు 400 రవ్వలకు గుర్తు పెట్టి వదిలారనుకోండి. రెండోసారి 500 పట్టారు, అందులో 49 గుర్తువి. 401ని 501తో గుణిస్తే 2,00,901. దాన్ని 50తో భాగించి ఒకటి తీసేస్తే సుమారు 4,017. మీ చెరువులో రవ్వలు దగ్గర దగ్గర నాలుగు వేలు.

ఆ అంకెను అట్లనే నమ్మొద్దు. రెండోసారి దొరికిన గుర్తు చేపలు ఎంత తక్కువైతే లెక్క అంత ఊగుతుంది. ఎంత ఊగుతుందో తెలుసుకోవడానికి జాగ్రత్త వైపు మొగ్గే ఒక సులువు ఉంది: 2ను, దొరికిన గుర్తు చేపల వర్గమూలంతో భాగించండి. 49కి వర్గమూలం 7. అంటే ఏడింట రెండు వంతులు అటూ ఇటూ. 4,017లో ఏడింట రెండు వంతులు సుమారు 1,148. కింది అంకె 2,870, పై అంకె 5,165. ఇదే పని తక్కువ చేపలతో కానిచ్చి, 180కి గుర్తు పెట్టి, 220 పట్టి, 9 గుర్తు చేపలే దొరికాయనుకోండి. లెక్క 4,000 దగ్గరే వస్తుంది. కానీ 9కి వర్గమూలం 3, అంటే మూడింట రెండు వంతులు ఊగుతుంది. 1,330 ఉండొచ్చు, 6,660 ఉండొచ్చు. అలాంటి అంకెతో హద్దు పెట్టలేం. కనీసం 40 గుర్తు చేపలు మళ్లీ దొరికేదాకా పట్టడం సాగించండి. ఒక్క రోజులో కాకపోతే రెండు మూడు రోజులు పట్టండి, చూసిన చేపలకు తోక అంచున చిన్న కత్తిరింపు పెట్టి వదిలితే ఒకే చేపను రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉండదు.

హద్దు ఎప్పుడూ కింది అంకె మీదే పెట్టుకోండి. 2,870 చేపలు, సగటు 700 గ్రాములు, సుమారు 2,000 కిలోలు. చెరువులో అంతకన్నా ఎక్కువే ఉంటే అది తర్వాత వలకు వస్తుంది, ఎటూ పోదు. లేనిదాన్ని ఉందనుకుని వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటే మాత్రం అది అప్పవుతుంది.

గుర్తు దాచితే ఏమవుతుంది

ఈ పని అంతా ఒక్క దగ్గర నిలుస్తుంది, ఒక్క దగ్గరే కూలుతుంది: వలలో గుర్తు చేప వచ్చినప్పుడు పట్టినవాడు చెప్పాడా లేదా?

పై ఉదాహరణలో 49 గుర్తు చేపల్లో 10 ఎవరూ చెప్పకుండా మామూలు రాశిలో కలిసిపోయాయనుకోండి. లెక్కలో 39 మిగులుతాయి. 401 × 501 ÷ 40 − 1, అంటే సుమారు 5,022. ఆ పది చేపల మౌనం వల్ల చెరువులో లేని వెయ్యి చేపలు కాగితం మీద పుట్టాయి. చేపకు 700 గ్రాముల లెక్కన అది 700 కిలోలు. ఆ 700 కిలోలు కూడా పంచుకుందామని మీరు పట్టుతూ పోతే, ఏప్రిల్లో ఎదగాల్సిన చేప ఫిబ్రవరిలోనే బుట్టలో పడుతుంది.

మనిషి ఎందుకు దాస్తాడు? చాలావరకు చెడ్డ బుద్ధితో కాదు. గుర్తు చేప చెబితే చేపను తీసేసుకుంటారేమోనని ఒక భయం. వల ఎక్కడ వేశావని అడుగుతారేమోనని ఇంకో భయం. సంఘం పెద్దలకు లెక్క తెలిస్తే వాటా తగ్గుతుందేమోనన్న అనుమానం. కొందరికి గుర్తును తిప్పి చూసే ఓపిక ఉండదు. ఈ నాలుగింటికీ వేరువేరుగా మందు వేయాలి. చేప పట్టినవాడిదేనని తీర్మానంలోనే రాయండి. వల చోటు అడిగితే అది లెక్క కోసమేనని, దాని మీద జరిమానా ఉండదని అందరి ముందు చెప్పండి. గుర్తు చెప్పినవారికి ఇనాం పెట్టండి. చిన్న మొత్తమైనా వెంటనే చేతికి ఇస్తే పని చేస్తుంది. చెప్పినవారందరి పేర్లూ చీటీలు రాసి ఉగాది రోజు ఒకటి తీసి ఒక వల బహుమతిగా ఇస్తే ఇంకా మంచిది. పట్టేవాళ్లకే కాదు, చేప కోసే ఆడవాళ్లకూ, సంతలో అమ్మేవాళ్లకూ ఈ సంగతి తెలియాలి. చాలాసార్లు గుర్తును మొదట చూసేది వాళ్లే. వాళ్లు చెప్పినా అదే ఇనాం ఇవ్వండి. ట్యాగులు వేసి ఉంటే అమ్మే ముందు తీసేయాలని కూడా చెప్పండి.

ఇంత చేసినా ఎంతమంది చెబుతున్నారో తెలుసుకోవాలి. దానికి ద్వీపాల దగ్గరి అనుభవం పనికొస్తుంది. 2005 నుంచి కొన్నేళ్లు హిందూ మహాసముద్రంలో లక్షన్నరకు పైగా ట్యూనాలకు ట్యాగులు వేసి వదిలారు. వాటిలో దొరికినవి ఎక్కువగా సీషెల్స్ ద్వీపాల రేవులో, పెద్ద ఓడలు చేపను దించేటప్పుడు బయటపడ్డాయి. అక్కడివాళ్లు ఒక పని చేశారు. ఓడల్లో పట్టి ఉన్న చేపల్లో కొన్నింటికి గుట్టుగా ట్యాగులు గుచ్చి, రేవులో వాటిలో ఎన్నింటిని చూసి చెబుతారో లెక్కగట్టారు. మీరూ చేయొచ్చు. కార్యదర్శి, ఇంకొకరు కలిసి, వలల నుంచి వచ్చిన చేపల్లో పదింటికి ఎడమ పొట్ట రెక్క కత్తిరించి, అవే అని తర్వాత గుర్తుపట్టడానికి వీపు రెక్క అంచున చిన్న గాటు పెట్టి రాశిలో వేయండి. ఇలా చేస్తామని సభ్యులకు ముందే చెప్పాలి. ఏ రోజో మాత్రం చెప్పొద్దు. పదిలో ఎనిమిది వచ్చాయంటే వంద గుర్తు చేపల్లో ఎనభై బయటికి వస్తున్నాయన్నమాట. అప్పుడు మీకు తెలిసిన 39ని 0.8తో భాగించండి. 49 వస్తుంది. లెక్క మళ్లీ దారిలో పడుతుంది. రాశిలో మీరు వేసిన పదింటినీ మాత్రం అసలు లెక్క నుంచి తీసేయడం మరవొద్దు.

అంకె నుంచి హద్దుకు

ఇక్కడ మన చెరువులకు ఒక ప్రత్యేకత ఉంది, దాన్ని పట్టించుకోకుండా సముద్రపు నియమాలను తెచ్చి పెట్టకూడదు. బొచ్చె, రవ్వ, మ్రిగాల నిలిచిన చెరువు నీళ్లలో పిల్లలు పెట్టవు. వాటికి వానాకాలపు ఏటి ప్రవాహం కావాలి. మీ చెరువులో ఉన్నవన్నీ మీరో ప్రభుత్వమో వదిలిన పిల్లల నుంచి ఎదిగినవే. కాబట్టి ఎండాకాలంలో ఎండిపోయే చెరువులో "తల్లి చేపను మిగల్చండి" అన్న మాటకు అర్థం లేదు. అక్కడ హద్దు అంటే ఎప్పుడు పట్టాలి, ఎంత బరువుకు పట్టాలి అన్నదే.

2,000 కిలోలలో పావు వంతు, అంటే 500 కిలోలు, మార్చి నెలాఖరు వరకు హద్దు పెట్టుకున్నారనుకోండి. వల వేసే సభ్యులు 40 మంది ఉంటే మనిషికి పన్నెండున్నర కిలోలు, దాదాపు 18 చేపలు. కిలోల్లో కన్నా చేపల సంఖ్యలో చెప్పడం మేలు. కట్ట మీద నిలబడి ఎవరైనా లెక్కపెట్టి చూడొచ్చు, తూకం మీద గొడవ రాదు. చెరువులో ఇంకా 2,150 చేపలు ఉంటాయి. మే నాటికి అవి 700 గ్రాముల నుంచి 900 గ్రాములకు ఎదిగితే, మళ్లీ 1,900 కిలోల పైన అవుతుంది. కొన్ని చచ్చినా, కొంగలు తిన్నా, ముందు పట్టిన 500 కిలోలు మీకు దాదాపు ఉత్తగా వచ్చినట్టే. అందుకే నీళ్లు, మేత ఉన్నంతకాలం తొందరపడి అంతా ఊడ్చొద్దని గట్టిగా చెబుతున్నాను. నీళ్లు మృగశిర కార్తె దాకా ఆగే చెరువైతే కొంత వాటా ఆ రోజుకు ఉంచుకోండి. ఆ రోజు తెలంగాణలో చేప తినని ఇల్లు తక్కువ, ధర మీ చేతిలో ఉంటుంది.

ఎండని చెరువైతే బరువు హద్దు పెట్టుకోండి. కిలో దాటిన రవ్వనే బయటికి తేవాలని, చిన్నది వలలో బతికి ఉంటే వదలాలని. ఏ కన్ను వలలో ఏ బరువు చేప పడుతోందో మీ నోటుబుక్కులో ఉంటుంది కాబట్టి ఏ వలలకు అనుమతి ఇవ్వాలో దాన్ని బట్టే తేల్చండి. సన్న కన్ను అలివి వలను మాత్రం దగ్గరికి రానీయొద్దు. నీళ్లలో మందు పోసి, మందుగుండు పేల్చి చేప పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచే నేరం. కరెంటు తీగ పెట్టేవాడు తన ప్రాణాన్నీ పక్కవాడి ప్రాణాన్నీ పణం పెడుతున్నాడు.

కొర్రమీను సంగతి వేరు. అది చెరువులోనే పిల్లలు పెడుతుంది. తొలి వానలకు గడ్డి అంచున గూడు కట్టి, తల్లీ తండ్రీ రెండూ కాపలా ఉంటాయి. ఎర్రని పిల్లల గుంపు నీటి పైకి వచ్చి తిరుగుతుంటే కింద పెద్దది తప్పక ఉంటుందని గాలమేసేవాళ్లకు తెలుసు. ఆ సమయంలో దాన్ని పట్టితే పిల్లల గుంపు మొత్తం జెల్లలకూ పక్షులకూ పోతుంది. కొర్రమీను బురదలో, నాచులో దాక్కునే చేప కాబట్టి లాగుడు వలతో గుర్తు లెక్క సరిగా రాదు. దానికి సంఖ్య హద్దు కన్నా కాలం హద్దు పెట్టండి: తొలి వానల నుంచి ఆగస్టు దాకా కొర్రమీను మీద గాలం, వల రెండూ బంద్. పిల్లల గుంపు కనిపించిన చోట ఏ కాలంలోనైనా పట్టకూడదు. మృగశిర గిరాకీ సరిగ్గా ఆ రోజులకే వస్తుంది కాబట్టి ఇది పాటించడం కష్టమని తెలుసు. అయినా వచ్చే ఏటి కొర్రమీను కావాలంటే ఇంకో దారి లేదు. ఆ రోజు అమ్మడానికి రవ్వ, బొచ్చెను ముందే దాచుకోవాలన్నది ఇందుకే.

హద్దు పెట్టాక రోజూ చూడాల్సింది

పట్టుడు సాగుతున్నంతకాలం ప్రతి వారం ఒక్క అంకె రాయండి: ఒక వలకు ఒక రోజుకు ఎన్ని కిలోలు వచ్చాయి. మొదటి వారం వలకు 6 కిలోలు వచ్చి, అదే వలకు అదే చోట నాలుగో వారానికి 3 కిలోలకు పడితే, హద్దులో ఇంకా మిగిలి ఉందని కాగితం చెప్పినా పది రోజులు ఆపండి. లెక్క తప్పై ఉండొచ్చు, దొంగ వలలు పడుతుండొచ్చు, నీటి రంగు మారి చేప లోతుకు పోయి ఉండొచ్చు. పది రోజుల తర్వాత మళ్లీ వల వేసి చూస్తే ఏది నిజమో కొంత తెలుస్తుంది.

నోటుబుక్కు ఒక్కరి ఇంట్లో ఉండొద్దు. వారానికోసారి ఆ పేజీని ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చదువురాని సభ్యుల కోసం కట్ట మీద పలక కట్టి, పట్టిన చేపలు, మిగిలిన హద్దు రెండు అంకెలు సుద్దముక్కతో రాయండి.

వానాకాలంలో పిల్లలు వచ్చినప్పుడు

ఈ లెక్కకు ఇంకో సగం జులై తర్వాత మొదలవుతుంది. చేప పిల్లల బండి వచ్చినప్పుడు చెప్పిన సంఖ్యకు సంతకం పెట్టేముందు మీరే లెక్కపెట్టండి. ఒకే గిన్నెతో మూడు, నాలుగు సార్లు నింపి, ఒక్కో గిన్నెలో పిల్లలను లెక్కించి సగటు తీయండి. తర్వాత మొత్తం ఎన్ని గిన్నెలు పోశారో గుణించండి. చచ్చినవాటిని వేరుగా రాయండి. ఏ జాతి ఎన్ని, ఎంత పొడవు అన్నది కూడా రాయాలి. 12,000 రవ్వ పిల్లలు వదిలారని మీ పుస్తకంలో ఉండి, జనవరిలో గుర్తు లెక్కకు 4,000 తేలితే, మూడింట ఒకటి బతికిందన్నమాట. బతికింది ఇంకా తక్కువైతే కారణం వెతకొచ్చు: చాలా చిన్న పిల్లలు వదిలారా, వదిలిన రోజు నీళ్లు వేడిగా ఉన్నాయా, వాలుగలు, కొర్రమీనులు ఎక్కువున్నాయా, అలుగు మీదుగా పోయాయా? అలుగుకు జాలీ కట్టాలా, ఇంకాస్త పెద్ద పిల్లలు అడగాలా అన్నది అప్పుడు అధికారి ముందు అంకె చూపించి మాట్లాడొచ్చు.

రెండో ఏడు గుర్తు పెట్టేటప్పుడు ఎడమ రెక్క వదిలి కుడి పొట్ట రెక్క కత్తిరించండి. ఎండని చెరువుల్లో నిరుటి చేప మిగిలి ఉంటుంది. కత్తిరించిన రెక్క మళ్లీ పెరిగినా చాలాసార్లు వంకరగానో పొట్టిగానో ఉంటుంది. ఏ ఏడుది ఏ రెక్కో పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టండి, కార్యదర్శి మారినా తర్వాతివారికి తెలుస్తుంది.